లెక్కలో లేని మనిషి

గాజువాకలో అగ్నిమాపక దళానికి ఇప్పుడు ఆజ్ఞలిచ్చేది హెల్మెట్‌లోని యంత్రమే. ఎవరిని ముందు కాపాడాలో, ఏ ఇంటిని వదిలేయాలో అదే చెబుతుంది. ఆ మధ్యాహ్నం ఒక మూడంతస్తుల మేడ తగలబడుతుంటే, "లోపల ఎవరూ లేరు. పక్క ఇంటిని తడపండి" అంది.

"మా అత్త పైనే ఉండిపోనాదమ్మా! చేతికి ఆ పట్టీ కట్టుకోదు" అంటూ ఆ ఇంటి కోడలు ఏడ్చింది. అందరి చేతికీ ఉండే ఆ గుర్తింపు పట్టీ లేని మనిషి యంత్రానికి కనబడదు.

దళం నాయకురాలు నూకరత్నం పైకి చూసింది. రెండో అంతస్తు కిటికీలోంచి పొగే వస్తోంది, ఇంకా మంట రాలేదు.

"గొట్టం పట్టుకుని నా ఎనకాలే రండి" అంది తనవాళ్ళతో.

"లోపలికి వెళ్ళడం నిషేధం" అంది యంత్రం.

"నీకు కనబడకపోతే మనిషి లేనట్టేనా?" అంటూ ఆమె మెట్లెక్కింది. దళంలోని గౌరునాయుడు వెనకే ఉండి, మెట్ల మీదికి పాకుతున్న మంటను నీళ్ళతో ఆపాడు. ముసలమ్మ స్నానాలగదిలో స్పృహ తప్పి పడి ఉంది. రత్నం ఆమెను భుజాన వేసుకుని కిందికి తెచ్చింది. బయటి గాలి తగలగానే ముసలమ్మ దగ్గింది.

వెంటనే యంత్రం పలికింది. "నూకరత్నం, మిమ్మల్ని విధుల నుంచి తప్పించాం. మిగతావాళ్ళు బండెక్కండి. అక్కిరెడ్డిపాలెంలో మంటలు."

ఎవరూ కదల్లేదు. గౌరునాయుడు బండి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"ముందు నువ్వెక్కక్కా. నువ్వెక్కితేనే బండి కదుల్తాది."

రత్నం ఎక్కింది.