నీలి లైటు

రాత్రి మదనపల్లెలో తన గదిలో కూర్చుని, దూరం నుంచే సర్వర్లను చూసుకునే స్క్రీన్ కోసం హేమావతి ఒక సర్వర్ బొమ్మ గీస్తోంది. బొమ్మలోని బటన్ నొక్కితే అసలు సర్వర్ మీద నీలి లైటు వెలగాలి. మరమ్మతుకు వచ్చినవాళ్లు ఆ లైటు చూసే దాని దగ్గరికి వెళ్తారు. ఇంకా దేనికీ కలపలేదు, ఉత్త బొమ్మే. ఊరికే ఒకసారి నొక్కి చూసింది.

మరుక్షణం ఫోన్ మోగింది. కుప్పం సర్వర్ గది వాచ్‌మన్ మునెప్ప.

"అమ్మా, ఈడ నీలి లైటు యాల వెలుగుతాండాది?"

ఆమె లేచి నిలబడింది. "గదికి తాళం ఏసే ఉండాది కదప్పా?"

"ఏసే ఉండాదమ్మా. తలుపు అద్దంలోంచి సూస్తాండాను." ముసలాయన గొంతు తగ్గించాడు. "లోపల ఎవురో లైటు కాడికి నడిసి వస్తాండారు. బిరీన ఆర్పెయ్యమ్మా!"

హేమావతి స్క్రీన్ వైపు తిరిగింది.

ఆర్పే బటన్ ఆమె ఇంకా గీయలేదు.