పోర్టికో మీద ద్రాక్షగుత్తులు

"ఆ ద్రాక్షగుత్తులు తీయించెయ్ అమ్మాయ్," అన్నాడు సంజీవరావు, రోడ్డు మధ్యలో నిలబడి.

సంజీవరావుది ఎదురిల్లు. రిటైరైన గుమాస్తా. బాపట్లలోని ఆ వీధిలో ఎవరి గోడకి ఏ రంగు వెయ్యాలో తనని అడక్కుండా నిర్ణయించడం ఆయనకి బొత్తిగా నచ్చదు. క్రిస్టినా టీచర్ కొత్తింటికి ఆదివారం ప్రతిష్ట ప్రార్థన. పోర్టికో నుదుటిన 2006 అని అంకెలు, వాటి చుట్టూ ద్రాక్షతీగె ఆవిడే చార్టు మీద గీసి ఇచ్చింది. రేపల్లె నుంచి వచ్చిన మేస్త్రీ గులాం మొహిద్దీన్ పొద్దుటి నుంచి పరంజా కర్రల మీద కూర్చుని సిమెంటుతో ఒక్కో పండూ తీరుస్తున్నాడు.

"ఎందుకు తీయించాలి బాబాయ్ గారూ? నా ఇల్లే కదండీ."

"ఇల్లు నీదే. కానీ నువ్వుండేది లోపల. నీ పోర్టికో నీకు కనిపిస్తుందా ఏంటి? పొద్దున్నే కాఫీ తాగుతూ దాన్ని చూడాల్సింది నేను."

ఇరవై ఏళ్ళుగా పిల్లలకి లెక్కలు చెబుతున్న క్రిస్టినాకి ఈ లెక్కలో తప్పెక్కడుందో అంతుపట్టలేదు. ఆ సందు చూసుకుని సంజీవరావు, గుత్తులు మరీ నిజమైనవాటిలా ఉన్నాయని, కాకులు చేరతాయని, నాలుగు గీతలు గీయిస్తే హుందాగా ఉంటుందని చెప్పుకుపోయాడు. ఆవిడ భర్త కిరణ్ కుమార్ గేటు దగ్గరికొచ్చి, పెద్దాయన మాటలోనూ న్యాయం ఉందన్నాడు. కొత్తచోట గొడవ ఆయనకి ఇష్టం లేదు. ఆ మాటకొస్తే పాతచోటా ఇష్టం లేదు.

మొహిద్దీన్ పైనుంచి వంగి చూశాడు.

"తీస్తే ఇప్పుడే తీసెయ్యాలి టీచరమ్మా. సాయంత్రానికి రాయైపోద్ది. తర్వాత ఉలి పెడితే అంచంతా ఊడొచ్చేస్తది."

క్రిస్టినాకి కళ్ళనీళ్ళు వచ్చినంత పనైంది. ఇన్నాళ్ళూ అద్దె ఇళ్ళల్లో మేకు కొట్టాలన్నా ఒకరిని అడగాల్సి వచ్చింది. ఆ తీగె కోసం నాలుగు చార్టులు చించి అయిదోది గీసింది. ఇంత ఇంటిలో తన చేతి గుర్తు అదొక్కటే.

వెళ్ళి వరండాలో స్టూలు వేసుకుని కూర్చుంది. కాసేపు ఎదురుగా చూసింది. లేచి వచ్చేసరికి ముఖం తేటపడింది.

"మీరు చెప్పిందే న్యాయం బాబాయ్ గారూ. చూసేవాళ్ళదే మాట."

సంజీవరావు మీసం దువ్వుకున్నాడు. మొహిద్దీన్ నిట్టూర్చి తాపీ ఎత్తాడు.

"ఇక్కడ తీసేశాక ఆ కర్రలు ఎదురింటికి కట్టండి భాయ్," అంది క్రిస్టినా. "మా వరండాలోంచి రోజూ ఆ సింహాల్ని చూడాల్సింది నేను."

సంజీవరావు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. తన పిట్టగోడ మీద రెండు సిమెంటు సింహాలు, పసుపుపచ్చటి ఒళ్ళు, ఎర్రటి నాలుకలతో టీచరమ్మ ఇంటికేసి నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. తెనాలి నుంచి ఏరికోరి తెప్పించుకున్నవి. ఆయన వరండాలో కూర్చుంటే అవి కనిపించవు.

దూరం నుంచి చూస్తే గుత్తులు అంత చెడ్డగా ఏమీ లేవన్నాడు. కాకుల సంగతి తర్వాత చూసుకోవచ్చన్నాడు. చివరికి, ఎవరి ఇల్లు వాళ్ళిష్టం అని కూడా అన్నాడు.

అప్పటికే ఆయన భార్య మంగాయమ్మ తమ గేటు బార్లా తెరిచి నిలబడి ఉంది.

"గుత్తులుంటే ఉండనీ అమ్మాయ్," అంది. "ఆ కర్రలు మాత్రం ఇటు పంపించు."