మేనత్త చెప్పాల్సిన పేరు

పాలకొల్లులో ఇప్పుడు ఏ ఇంటి ఉయ్యాలైనా అంతే. తట్టు టీకా వేయించుకోనివాళ్లు దగ్గరికొస్తే తెర మూసేసుకుంటుంది. బారసాలలో బిడ్డ చెవిలో పేరు చెప్పాల్సిన మేనత్త దమయంతి వంగగానే అదే జరిగింది.

“నాకే రోగమూ లేదే,” అంది దమయంతి.

“మీకు లేదొదినా. దీనికింకా టీకా వేసే వయసు రాలేదు. మనమే కాచుకోవాలి,” అంది మరదలు సునంద.

“సూదంటే భయమని చెప్పక్కా. ఇన్నేళ్లుగా టీకాలొద్దంటూ ఆ సిద్ధాంతాలెందుకు?” అన్నాడు తమ్ముడు.

చుట్టాలు నవ్వారు. నిజం బయటపడ్డాక దమయంతికీ నవ్వొచ్చింది.

“రేపే పొడిపించుకుంటా. ముహూర్తం మార్పించరా. టీకా ఒంటికి పట్టాక పేరు నేనే చెబుతా.”

“వంటలైపోయాయక్కా.”

“ఇవాళ వచ్చినందుకు తిందాం. ఆ రోజు పేరు పెట్టినందుకు తిందాం.”