హాస్టల్ ఉన్న కాలేజీ

భోజనాల బల్ల మీద పదకొండు కాలేజీల దరఖాస్తులు పరిచి ఉన్నాయి. ఇవాళే ఆఖరి రోజు. ఐదింటికి పోస్టాఫీసు మూసేస్తారు. అప్పుడే మూడున్నర దాటింది.

ఇల్లాలు పెన్ను పట్టుకుని కూర్చుంది. ఆమెకు కావలసింది ఒక్కటే. చిట్టి వెళ్ళే కాలేజీకి హాస్టల్ ఉండాలి. ఆ హాస్టల్ ఎంత దూరంలో ఉంటే అంత మంచిది.

చిట్టి అన్నది పుట్టినప్పుడు ముద్దుగా పిలిచిన పేరు. అదే నిలిచిపోయింది. చిట్టికి ఫలానాది ఇష్టం అని చెప్పడం కష్టం. ఇష్టం లేనివి చెప్పమంటే సులువు, అలాంటివేమీ లేవు. మొదట నక్షత్రాలన్నది. నీళ్ళ గొట్టం కోసి బాల్కనీలో టెలిస్కోప్ కట్టింది. ఆ తర్వాత పుట్టగొడుగులు. స్నానాల గదిలో బకెట్లన్నీ వాటికే పోయాయి. ఈమధ్య శిల్పకళ మీద పడింది.

ఇల్లాలు పళ్ళ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్లు రాసే ఉద్యోగం చేస్తుంది. క్లినిక్‌లో పారేసే పళ్ళ అచ్చులు కావాలని చిట్టి అడిగితే, పోనీలే పాపం అని సంచీడు తెచ్చి ఇచ్చింది. ఇప్పుడు టీవీ చుట్టూ ముప్ఫైమంది పేషెంట్లు రంగురంగుల పళ్ళతో ఇకిలిస్తున్నారు. చూడవచ్చిన చుట్టం ఒకాయన అందులో తన పళ్ళు గుర్తుపట్టాడు. మళ్ళీ ఈ గడప తొక్కలేదు.

పద్దెనిమిదేళ్ళుగా భరిస్తోంది ఇల్లాలు. ఓపికకైనా ఓ హద్దుండాలి కదా.

"ఊళ్ళో కాలేజీ చాలదా? నడిచి వెళ్ళి రావచ్చు," అన్నాడు భర్త. గడియారాలు బాగుచేసే మనిషి, నెమ్మదస్తుడు. చిట్టి మాటెత్తితే చాలు, వెన్నలా కరిగిపోతాడు.

"ఊళ్ళో కాలేజీకి హాస్టల్ లేదు."

"పుట్టినప్పటి నుంచి ఒక్కరోజైనా విడిచి ఉన్నదుందా? జ్వరమొస్తే తల దగ్గర ఎవరు కూర్చుంటారు?"

"మాత్ర వేసుకుంటే తగ్గుతుంది."

ఇంతలో చిట్టి వంటింట్లోంచి వచ్చింది. చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. ఏం విప్పుతోందో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"అన్ని కాలేజీలకీ టిక్కు పెట్టేశాను," అంది హుషారుగా.

"అమ్మా, అలా కుదరదు. ఒక్కదాన్ని ఎంచుకో," అని బతిమాలాడు భర్త.

"ఎలా ఎంచుకోను? వెల్డింగు తీసుకుంటే కప్పలు పోతాయి. కప్పలు తీసుకుంటే వయొలిన్ పోతుంది."

'మీ ఆసక్తులు క్లుప్తంగా రాయండి' అన్నచోట నాలుగు గీతలుంటే, చిట్టి పదహారు కాగితాలు అతికించింది. దరఖాస్తు బల్ల దిగి నేలమీద పాకుతోంది.

ఇల్లాలు అట్టడుగున ఉన్న కరపత్రం లాగి ఆ కాలేజీకి ఫోను చేసింది. పదకొండింటిలోనూ అన్నిటికన్నా దూరం అదే. రైల్లో పద్నాలుగు గంటలు.

"మీ దగ్గర ఎన్ని సబ్జెక్టులు కలిపి చదవచ్చండీ?"

"ఎన్నయినా చదవచ్చు," అన్నాడు అవతల గుమాస్తా.

"వెల్డింగు, కప్పలు, వయొలిన్?"

"కప్పలు మంగళవారమే ఉంటాయండి. మిగతా రోజులు వెల్డింగు. వయొలిన్ ఎప్పుడు పడితే అప్పుడు."

"హాస్టల్?"

"ఉంది."

ఆమె గొంతు తగ్గించింది. "సెలవుల్లో కూడా ఉండనిస్తారా?"

"నిక్షేపంగా ఉండొచ్చు."

ఆ గుమాస్తా ఎవరో గానీ చేతులెత్తి దండం పెట్టాలనిపించింది ఆమెకు. కప్పలు ఉన్నాయని తెలిశాక చిట్టి కూడా సరేనంది.

ఇక మార్కుల జాబితా కోసం ఇల్లంతా గాలించారు. చివరికి ట్రంకుపెట్టె అడుగున, మడతల దగ్గర చిరుగుతూ దొరికింది. ఐదుకు ఇంకా ఇరవై నిమిషాలే ఉన్నాయి. సంరక్షకుల సంతకం ఒక్కటే మిగిలింది.

భర్త పెన్ను తీసుకున్నాడు. "నావల్ల కాదు," అంటూ పెన్ను పెట్టేసి, కిటికీ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

ఇల్లాలు పెన్ను అందుకుంది. ఎన్నాళ్ళుగానో ఎదురుచూసిన ఘడియ. తీరా వచ్చేసరికి పెన్ను కాగితం మీదే ఆగిపోయింది. చిట్టి వెళ్ళాక ఇల్లు ఇల్లులా ఉంటుంది. స్నానానికి బకెట్టు దొరుకుతుంది. కానీ క్లినిక్ నుంచి అలిసిపోయి రాగానే, 'ఇవాళ ఒకటి కనిపెట్టాను, రా చూద్దువుగాని' అంటూ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళే మనిషి ఉండదు. ఆ ఇంట్లో తన కోసం అంతగా ఎదురుచూసేది చిట్టి ఒక్కతే. ఆ సంగతి ఇప్పుడా తెలియడం! ఏడుపొచ్చింది ఆమెకు.

"పెట్టెయ్, టైమైపోతోంది," అంది చిట్టి.

పెట్టింది. కింద ఇంకో చిన్న గడి ఉంది. 'సంతకం చేసినవారు విద్యార్థినికి ఏమవుతారు?'

ఆమె కళ్ళు తుడుచుకుని, గుండ్రటి అక్షరాలతో 'కోడలు' అని రాసింది.