ఏదీ వేస్ట్ చెయ్యం

“కాగితం మారిందేంటమ్మా?”

స్టేట్ ఇన్సూరెన్స్ శాఖ కౌంటర్ దగ్గర, శాఖ నుంచి తనకొచ్చిన కొత్త ఉత్తరాన్ని వేళ్లతో నలిపి చూస్తూ అడిగాడు భుజంగరావు.

ఆ ఆఫీసులో తెలుగు వచ్చింది ఒక్కామెకేనని కౌంటర్‌కి పిలిపించిన దేదీప్య మొహం వెలిగింది. శాఖ కొనుగోళ్లు చూసేది ఆమే.

“ఇప్పుడన్నీ రీసైకిల్డే కొంటున్నాం అంకుల్! పాతదే మళ్ళీ వాడతాం. ఏదీ వేస్ట్ చెయ్యం.”

“మంచి పనమ్మా.”

ఆయన జేబులోంచి పోయినేడాది ఉత్తరం తీసి పక్కన పెట్టాడు. వడగళ్లకి ఇంటి రూఫ్ పగిలితే ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ ఇవ్వలేదన్న ఫిర్యాదుకి శాఖ రాసిన జవాబు అది.

దేదీప్య రెండూ చదివింది. ‘మీ ఫిర్యాదు పరిశీలనలో ఉంది.’ తేదీ తప్ప అక్షరం మారలేదు.



“మేమూ అంతేనమ్మా,” అన్నాడాయన. “వాన పడ్డప్పుడల్లా ఆ రూఫ్ కింద పాత బకెట్లే మళ్ళీ పెడుతున్నాం.”