ఫిల్టర్ ఎక్కడుండాలి?

ఎర్ర కారు అద్దం మీద 'ఫర్ సేల్' అన్న కాగితం కనపడగానే మెల్విన్ ఎక్కాల్సిన బస్సు వదిలేశాడు.

చదువుకోడానికి విదేశం వచ్చి పాయింట్ కుక్ అనే సబర్బ్‌లో అతను అద్దెకుండే ఇంటికీ బస్‌స్టాపుకీ మధ్యలో ఉంటుంది ఆ కారున్న ఇల్లు. ఇంటి ముందు ఒకమ్మాయి తరచూ ఆ కారు కడుగుతూ కనిపిస్తుంది. యూనివర్సిటీకి వెళ్తూ వస్తూ మెల్విన్ అటే చూస్తాడు. చూసేది కారునే అని రూమ్మేట్లకి ఒట్టేసి చెప్పాడు. వాళ్లెవరూ నమ్మలేదు.

తలుపు కొట్టాడు. ఆ అమ్మాయే తీసింది. మెల్విన్ ఎంతో కష్టపడి ఇంగ్లీషులో కారు గురించి అడిగాడు.

"తెలుగులో అడగండి, పర్లేదు," అంది.

"నేను తెలుగని ఎలా తెలిసిందండీ?"

"బస్‌స్టాప్‌లో మీరు ఫోన్ మాట్లాడితే సగం సబర్బ్‌కి వినిపిస్తుంది. నా పేరు జాక్లిన్. కారు సాటర్‌డే ఆఫ్టర్‌నూన్ మాత్రమే చూపిస్తాను. బేరమేదైనా నాతోనే."

ఆ రోజు శనివారమే కాబట్టి వెంటనే బానెట్ ఎత్తింది. మెల్విన్ లెక్కలేసుకున్నాడు. కారు బాగుందంటే కొనాలి. బాలేదంటే వెళ్లిపోవాలి. ఎటు చూసినా ఈ అమ్మాయితో మాటలు ఇవాళే అయిపోతాయి. ఏదో ఒక వంక దొరకాలి దేవుడా అనుకున్నాడు. దేవుడు వెంటనే కరుణించాడు.

"ఇదేంటండీ? ఆయిల్ ఫిల్టర్ ఇక్కడికొచ్చింది?"

ఇంజన్ వెనకాల ఎక్కడో ఉండాల్సిన ఫిల్టర్, హెడ్‌లైట్ పక్కన దర్జాగా కూర్చుని ఉంది. దాన్ని ఇంజన్‌తో రెండు నల్లటి గొట్టాలు కలుపుతున్నాయి.

"డాడీ మార్పించారు. పాత ప్లేస్‌లో ఎగ్జాస్ట్ పైపు తగిలి ప్రతిసారీ చెయ్యి కాలేది. ఇప్పుడు నిలబడి ఫిల్టర్ మార్చెయ్యొచ్చు."

"రేసు కారుకైతే సరేనండీ. పాలకీ కూరగాయలకీ తిరిగే కారుకి ఇంత అవసరమా? రేపు ఆ గొట్టం ఊడిందనుకోండి, ఆయిలంతా రోడ్డు పాలు. ఇంజన్ ఫినిష్."

జాక్లిన్ ముక్కు ఎర్రబడింది. "ఎందుకు ఊడుతుందండీ? మీ చెయ్యి కాలితే తెలుస్తుంది!"

వాదన సాయంత్రం దాకా సాగింది. మెల్విన్‌కి జన్మలో అంత ఆనందం కలగలేదు.

"ఆలోచించి చెప్తానండీ. వచ్చే శనివారం రానా?"

"రండి. ఈలోగా ఎవరైనా కొనేస్తే నన్ననకండి."

ఆ ఒక్క మాటకి వారమంతా అతనికి నిద్ర పట్టలేదు. అసైన్‌మెంటు అటకెక్కింది. యూట్యూబ్‌లో ఆయిల్ ఫిల్టర్ల మీద ఉన్న వీడియోలన్నీ చూసేశాడు.

మళ్లీ శనివారం కొత్త అస్త్రంతో దిగాడు. "చలికాలం పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఆయిల్ అంత దూరం వెళ్లి రావాలి కదండీ. అది వచ్చేలోగా ఇంజన్ అరిగిపోదూ?"

జాక్లిన్ తాళం తిప్పింది. ఆయిల్ లైటు అలా వెలిగి ఇలా ఆరింది.

"అరిగిందా?"

"ఇప్పుడు ఎండగా ఉంది కదండీ!"

టెస్ట్ డ్రైవ్ మాట ఆమె ఎత్తనందుకు మెల్విన్ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు. అతనికి లైసెన్సు లేదు.

ఆ పై వారం గొట్టాల కింద పాత పేపరు పరిచాడు. ఆయిల్ చుక్క పడితే తను గెలిచినట్టు. ఇద్దరూ డ్రైవ్‌వే మీద గొంతుక్కూర్చుని, చేగోడీలు నములుతూ, పేపరునే చూస్తూ గడిపారు. ఒక్క చుక్కా పడలేదు. పేపరు మడుస్తుంటే జాక్లిన్ తాపీగా చెప్పింది.

"పక్క సబర్బ్ ట్రుగనీనా నుంచి ఒకాయన అడుగుతున్నాడు. ఫిల్టర్ ముందుకి మార్చడమే ఆయనకి నచ్చిందట. నెక్స్ట్ వీక్ తీసుకెళ్లిపోతాడు."

మెల్విన్ గొంతులో చేగోడీ అడ్డం పడింది.

ఆ తర్వాతి శనివారం అతను బానెట్ వైపు చూడనైనా చూడలేదు.

"జాక్లిన్ గారూ, ఆయనకి అమ్మకండి."

"అయితే మీరు కొంటారా?"

"కొనలేనండీ. డబ్బుల్లేవు. లైసెన్సూ లేదు. ఆ ఫిల్టర్ ముందున్నా, వెనకున్నా, డిక్కీలో ఉన్నా నాకొకటే. మీతో మాట్లాడాలని అబద్ధం చెప్పాను. మీరంటే నాకు ఇష్టం."

జాక్లిన్ చేతులు కట్టుకుంది.

"అంటే ఇన్ని వారాలూ కొంటానని యాక్టింగా? ఇంత పచ్చి అబద్ధమా? నా సాటర్‌డేలన్నీ వేస్ట్ చేశారు. కొంచెమైనా గిల్టీగా లేదా మీకు?"

మెల్విన్ సిగ్గుతో చితికిపోయాడు. తప్పు తనదే, ఆమె ఎన్ని అన్నా పడాల్సిందే. "సారీ అండీ, ఇంకెప్పుడూ రాను," అని వెనక్కి తిరిగాడు.

అప్పుడే ఎవరి కార్లోంచో ఒక పెద్దాయన దిగాడు. చంకలో చర్చి పాటల పుస్తకం ఉంది. ప్రతి శనివారం మధ్యాహ్నం ఉండే పాటల ప్రాక్టీసు ఆ రోజు తొందరగా ముగిసినట్టుంది.

"డాడీ! అప్పుడే వచ్చేశారా?" అంది జాక్లిన్. మొహంలో నెత్తురుచుక్క లేదు.

ఆమె తండ్రి మరియదాసు ఎత్తి ఉన్న బానెట్‌ని చూశాడు. తల వంచుకున్న కుర్రాణ్ణి చూశాడు. కళ్లజోడు సవరించుకుని అద్దం మీది కాగితం ఒకటికి రెండుసార్లు చదివాడు.

"ఏమే జాకీ, మన కారు అమ్ముతున్నామా?"