తొంభై మూడో పేజీ

"ఆపమ్మా! నేనిలా రాయలేదు!"

డాక్టరు హెడ్‌ఫోన్లు పీకేశాడు. తన ఆపరేషన్ల అనుభవాలను ఆడియో పుస్తకం కోసం చదువుతున్న ఈ అమ్మాయి, మధ్యమధ్య వెటకారం దట్టిస్తోందని పొద్దుట్నుంచీ ఆయనకు అనుమానమే.

"అక్షరం మార్చలేదు డాక్టరుగారూ. మీరే చూడండి," అంటూ పేజీ అందించిందామె.

'ఆ పాప చనిపోవడంలో నా పొరపాటేమీ లేదు.' అచ్చం అలాగే ఉంది.

"మరి అబద్ధంలా వినిపించిందేం?"

"మామూలుగానే చదివానండీ. పోనీ, మీరే చదవండి."

చదవడం కూడా ఒక విద్యేనా అన్నట్టు మైకు ముందు కూర్చున్నాడు.

"ఆ పాప చనిపోవడంలో..."

మూడుసార్లు మొదలుపెట్టాడు. మూడుసార్లూ అక్కడే ఆగిపోయాడు.

"రాసింది నేనేలేమ్మా," అన్నాడు చివరికి. "పెన్నిలా ఇవ్వు, ఆ వాక్యం కొట్టేస్తాను."